నాలుగో పోటు

పెద్ద దొరసానికి కళ్లు మసకబారి చాలా ఏళ్లయింది గాని, చెవులు మాత్రం పాముచెవులు. ఆమె మంచం దొర కోటలాంటి ఇల్లు, గడి వెనక వసారాలో ఉండేది. వసారాకూ దంపుడు కొట్టానికీ మధ్య ఒక్కటే గోడ, గోడకు పైన చిన్న కిటికీ. మంచం దిగకుండానే ఆమె అవతల జరిగేదంతా కనిపెట్టేది. రోకలి తడబడితే ఎవరి రోకలో పేరు పెట్టి చెప్పేది. పాట ఆగితే “బియ్యం బుక్కుతున్నరానే?” అని కేకేసేది. దంచేవాళ్లు తప్పకుండా పాడుతూ ఉండాలని ఆ గడిలో కట్టడి. పాడే నోట్లో గింజ పడదని ఆమె నమ్మకం.

ఆ రోలు చుట్టూ నలుగురు ఆడవాళ్లు. మొదటి పోటు ఎల్లక్కది. వయసులో పెద్దది, పాట ఎత్తుకునేదీ ఆమే. రెండోది పెంటమ్మ. ఎడమ చేత్తో రోకలి వేస్తూనే, పోటుకూ పోటుకూ నడుమ కుడిచెయ్యి రోట్లో పెట్టి, అంచులకు ఎగబాకిన వడ్లను నడిమికి తోసేది. మూడోది జమ్లీ, వాగు అవతల గుట్ట కింది తండా మనిషి. నాలుగోది యాదమ్మ. అత్తకు నడుము పడిపోయాక ఆ ఇంటి వెట్టి ఆమె వంతుకొచ్చింది.

జమ్లీ పోటు గుడ్డివాళ్లయినా గుర్తుపడతారు. మోచేతి పైన ఆమె వేసుకున్న తెల్లని ఎముక గాజులు రోకలి దిగినప్పుడల్లా గలగలమనేవి. దానికి తోడు ఆమె రోకలి కొసన ఉన్న ఇనుప పొన్ను కాస్త వదులు. రాతికి తగిలినప్పుడు చిన్నగా కంగుమనేది. పాడే పని మాత్రం ఆమెకు లేదు. వచ్చిన మొదటినాడే పెద్ద దొరసాని తెగ్గొట్టి చెప్పింది.

“నీ లంబాడి యాస నా చెవులల్ల ముండ్లోలె గుచ్చుకుంటది. నువ్వు నోర్మూసుకొని దంచు.”

యాదమ్మకు ఇంకా చెయ్యి కుదరలేదు. ఆమె పోటు ఎప్పుడూ అర క్షణం ముందో వెనకో పడి జమ్లీ రోకలికి తగులుతుండేది. జమ్లీ గొంతు తగ్గించి ఎకసెక్కం చేసేది.

“నా రోకలి మీద మనసువడ్డదా ఏంది యాదమ్మా? మాటిమాటికి ముద్దువెడ్తది నీ రోకలి.”

“నువ్వే అడ్డమొస్తున్నవ్,” అనేది యాదమ్మ ఉక్రోషంగా.

“ఇద్దరిదీ తప్పే,” అనేది ఎల్లక్క. “నీ పోటు నువ్వు జూస్కునుడు కాదు బిడ్డా. పక్కదాని పోటు ఇను. అది పడంగనే నీదెప్పుడో నీ చెయ్యికే ఎరుకైతది.”

పెంటమ్మ ఏమీ అనేది కాదు. కాని పోయిన వారం యాదమ్మ కొంగున కట్టుకున్న పిడికెడు నూకల సంగతి దొరసాని చెవిన వేసింది పెంటమ్మేనని అందరికీ తెలుసు. ఆ రోజు యాదమ్మను ఎండలో వంగబెట్టి వీపు మీద రాయెత్తారు. అప్పటినుంచి పెంటమ్మ ఉన్నచోట యాదమ్మ ఆచితూచి మాట్లాడేది.

ఆ శ్రావణంలో గడి నిండా రజాకార్లు దిగారు. జనగామ దిక్కు నుంచి వచ్చినవాళ్లు కొందరు, లింగాల ఘనపూర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు కొందరు. ముందు వాకిట్లో తుపాకులు గోడకానించి ఉండేవి. దొర వాళ్లకు కోళ్లు కోయించేవాడు. ఆ కడుపులన్నీ నింపే బియ్యం ఈ నాలుగు రోకళ్ల కింద నుంచే రావాలి.

ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. గడి నౌకరు యాకయ్య తడిసిన బస్తా ఒకటి తెచ్చి కొట్టంలో దింపాడు. దింపి, నడుము పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

“జల్ది దంచుండ్రి. బువ్వ తిని, పొద్దువంగక ముందే గుట్ట కింది తండాకు పోతరంట. జరమొచ్చిన సంగపోడెవడో ఆడ పండుకున్నడని కబురంట. గుడిసెలు తగలబెడ్తరంట.”

చెప్పి, తుండు నెత్తిన కప్పుకుని వానలోకి వెళ్లిపోయాడు.

యాదమ్మ రోకలి రోలు అంచుకు తగిలి పక్కకు జారింది. జ్వరమొచ్చి పడుకున్నవాడు ఆమె మొగుడు సారయ్య. మానుకోట పోయి రైలు కూలీలో చేరాడని ఊళ్లో చెప్పుకున్నారు. గడికీ అదే చెప్పారు. కాని అతను దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి, ఒంట్లో బాగాలేక, తండాలో తలదాచుకుని ఉన్నాడు. అదీ జమ్లీ గుడిసెలోనే, జమ్లీ మొగుడు లక్ష్మా కాపలాలో. ఈ సంగతి రోలు చుట్టూ ఉన్నవాళ్లలో యాదమ్మకూ జమ్లీకీ మాత్రమే తెలుసు. తెలిసిన ఇద్దరూ గడిలో ఎన్నడూ ఒకరి కళ్లలోకి ఒకరు సూటిగా చూసుకోలేదు.

ఎన్నడూ తప్పని జమ్లీ పోటు కూడా ఆ క్షణాన తప్పింది.

“ఎవలే అది?” గోడ అవతల నుంచి కేక. “యాదమ్మ తప్పితె తప్పింది, లంబాడిదానికేమైందే?”

“వడ్లు తడిసినయ్ దొరసానీ, రోకలి జారుతున్నది!” అని ఎల్లక్క బదులిచ్చి, ఆ ఇద్దరి మొహాలూ ఒకసారి చూసింది. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

యాదమ్మకు ఒకటే ఆలోచన. యాకయ్య ఎందుకు చెప్పాడు? దొర ఉప్పు తింటున్న మనిషి. జమ్లీ ఆ తండాదని అతనికి తెలియదా? జాలిపడి చెప్పాడా? ఎవరు ఉలిక్కిపడతారో చూసి రమ్మని దొరే పంపాడా? ఎవరైనా కదిలితే దొడ్డి వాకిట్లోనే పట్టుకుంటారేమో. కదలకపోతే గుడిసెతో పాటు మనిషీ కాలిపోతాడు.

పోట్లు మళ్లీ ఒక తీరున పడ్డాయి. ఎల్లక్క పాట ఎత్తుకుంది. ఎప్పుడూ పాడేది కాదు, అప్పటికప్పుడు అల్లినది.

“అడివి పిట్టకు తొవ్వ ఎరుకేనా – సువ్వీ
ఊక గంపల కూసోని పోవునా – సువ్వీ”

జమ్లీ తలూపింది. ఊక పోయడానికి దొడ్డి వాకిలి దాటి కుప్ప దాకా పోవచ్చు. అక్కడ ఒక రజాకారు కాపలా ఉన్నాడు గాని, ఊక గంప మోసేదాని మొహం ఎవరు చూస్తారు? కుప్ప వెనకే వాగు. వాగు దాటి గుట్ట అడ్డదారి పడితే తండా దగ్గరే. ఆ దారి జమ్లీ కాళ్లకు తెలుసు. యాదమ్మ పోతే ముళ్లల్లో తప్పిపోతుంది.

కాని జమ్లీ పోతే నాలుగు పోట్లు మూడవుతాయి. గోడ అవతలి చెవులకు ఆ తేడా తెలియడానికి రెప్పపాటు చాలు. యాదమ్మ గొంతు పెగుల్చుకుని, అదే వరసలో పాడింది.

“పిట్ట ఎగిరితె కొమ్మ ఊగదా – సువ్వీ
రెక్క సప్పుడు ఎక్కడ తెద్దుమా – సువ్వీ”

పెంటమ్మ తల వంచుకుని వడ్లు తోస్తోంది. ఆమె అన్నీ వింటోంది. లేచి రెండడుగులు వేసి గోడ దగ్గర ఒక్క మాట చెబితే చాలు, నూకలు కాదు, ఈసారి ప్రాణాలే పోతాయి.

అప్పుడు జమ్లీ ఒక పని చేసింది. తన పోటుకూ మరో పోటుకూ మధ్య ఎడమ చెయ్యి చాపి, తవుడు గంపలోంచి పిడికెడు తవుడు తీసి, చూరు నుంచి కారే వాన నీళ్లతో కలిపి, మోచేతి పైన రుద్దుకోసాగింది. గాజులు జారడానికి.

మొగుడు బతికి ఉండగా ఆ గాజులు తీయకూడదని తండా కట్టుబాటు. తీసిందంటే మొగుడు పోయాడనే లెక్క. పురిట్లో కూడా తీయరు. జమ్లీ పళ్లు బిగబట్టి, పోట్ల నడుమే ఒక్కొక్కటే కిందికి లాగింది. చర్మం కమిలిపోయింది. తీసినవి యాదమ్మ కొంగులో వేసి, చెవిలో ఒకే ఒక మాట అంది.

“ఏడువకు. నా లక్ష్మా గూడ ఆడనే ఉన్నడు.”

జమ్లీ తన రోకలిని గోడకానించి, ఎల్లక్క గొంగడిని కొప్పెరగా కప్పుకుని, లంగా అద్దాలు కనబడకుండా కుచ్చిళ్లు ఎగ్గట్టి, ఊక గంప నెత్తిన పెట్టుకుని వానలోకి దిగింది. యాదమ్మ గాజులు కుడిచేతికి ఎక్కించుకుంది. జమ్లీ పోటు పడాల్సిన చోట ఒకటి, తన పోటు పడాల్సిన చోట ఇంకొకటి, తన రోకలితోనే వేసింది.

“ఏయ్!”

గోడ అవతల నుంచి పెద్ద దొరసాని కేక.

“గా గాజులేందే, ఒక్క వరసల రెండుమార్లు మోగుతున్నయ్?”

నిజమే. ఒక్క చేతికే ఉన్న గాజులు రెండు పోట్లకూ మోగుతున్నాయి. పైగా వదులు పొన్ను కంగు లేదు. ఈ సంగతి వాళ్లకు తట్టనే లేదు. చప్పుడు చేసేవాళ్లకు తమ చప్పుడు తెలియదు కదా, వినేవాళ్లకే తెలుస్తుంది.

“గజ్జి లేచింది దొరసానీ దానికి, గీక్కుంటున్నది!” అంది ఎల్లక్క.

“గీక్కునుడు ఇంటికి పొయినంక. దంచుమను!”

ఎల్లక్క కళ్లతోనే గోడకానించిన జమ్లీ రోకలిని చూపించింది. యాదమ్మకు అర్థమైంది. గాజులు ఎడమ చేతికి మార్చుకుంది. ఎడమ చేత జమ్లీ రోకలి, కుడిచేత తన రోకలి. చండ్ర కర్ర రోకళ్లు. ఒక్కటి రెండు చేతులా ఎత్తితేనే సాయంత్రానికి రెక్కలు పడిపోతాయి. ఎడమది దిగాలి, గాజులు మోగాలి, పొన్ను కంగుమనాలి. వెంటనే కుడిది దిగాలి. అప్పుడు గాజులు కదలకూడదు. ఎల్లక్క పాటను నిమ్మళం చేసింది. ముసురుకు తగ్గట్టు రాగం సాగదీసి, యాదమ్మకు ఊపిరి తీసుకునే జాగా ఇచ్చింది. పెంటమ్మ మెల్లగా రోలు చుట్టూ జరిగి, యాదమ్మ ఎడమ చేతికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడింది. ఎందుకు జరిగిందో యాదమ్మకు వెంటనే తెలియలేదు. తరవాత తెలిసింది. ఎడమ రోకలి వాలినప్పుడు పెంటమ్మ తన రోకలి ఒరిపిడితో దాన్ని నడిమికి నిలబెడుతోంది.

ఎల్లక్కది. పెంటమ్మది. గలగల, కంగు. యాదమ్మది.

నాలుగు పోట్లు. గోడ అవతల నిశ్శబ్దం. ముసలామె వింటోందా, నిద్రపోయిందా, లేచి చేతికర్ర వెతుక్కుంటోందా?

ఒక వాయి వడ్లు దంచడం అయింది. చేటలో పోసి చెరిగే తీరిక లేదు. చెరగడానికి ఒకరు కూర్చుంటే పోటు ఆగుతుంది. ఎల్లక్క కాలితోనే చేట దగ్గరికి లాక్కుని, తన పోటు తప్పనివ్వకుండానే రెండో చేత్తో పొట్టు ఎగరేసింది. జీవితంలో ఎన్నడూ అలా చెరిగి ఉండదు. సగం పొట్టు బియ్యంలోనే ఉంది. పోనీ.

రెండో వాయి సగంలో యాదమ్మ ఎడమ భుజం మండిపోసాగింది. మనసు గుట్ట దారిలో ఉంది. వాగు పొంగిందేమో. జమ్లీని కాపలావాడు ఆపాడేమో. సారయ్యకు లేచి నడిచే శక్తి ఉందా? మనసు అక్కడ ఉండగా చెయ్యి ఇక్కడ ఆలస్యమైంది. రోకలి దిగేసరికి పెంటమ్మ వేళ్లు ఇంకా రోట్లోనే ఉన్నాయి.

మెత్తని చప్పుడు. ఇక అయిపోయింది. ఇప్పుడు పెంటమ్మ గావుకేక పెడుతుంది.

“... సువ్వీ,” అని పాడింది పెంటమ్మ.

వంత ఒక్క అక్షరం తప్పలేదు. మొహం మాత్రం సున్నంలా పాలిపోయింది. చెయ్యి బయటికి తీసి కొంగులో చుట్టుకుంది. మధ్యవేలు గోరు ఊడి వేలాడుతోంది. బియ్యం మీద ఎర్రటి చుక్కలు. ఎల్లక్క ఆ గింజల్ని గుప్పిటతో తీసి ఊకలో కలిపేసింది. వడ్లు తోసే పని కూడా తనే అందుకుంది.

యాదమ్మ రోకళ్లు ఆపబోయింది. కొట్టు, ఆపకు, అన్నట్టు పెంటమ్మ గడ్డం ఎత్తింది.

“లంబాడిదానా!”

రోకళ్లు గాలిలో ఉండగానే బిగుసుకున్నాయి. ఎట్లాగో దిగాయి.

“ఇయ్యాల నీ పోటు మెత్తగ పడుతున్నదేందే? పానం బాగలేదా? ... ఏందే, పలుకవు? నిన్నే!”

జమ్లీ గొంతు వాళ్లలో ఎవరికీ రాదు. గోడ అవతల మంచం పట్టెలు కిర్రుమన్నాయి. ముసలామె లేస్తోంది.

“మీరే గదా దొరసానీ!” అంది పెంటమ్మ. నొప్పిని మింగి, నవ్వు తెచ్చుకున్న గొంతుతో. “నోర్మూసుకొని దంచుమని మీరే అంటిరి. ఇప్పుడు పలుకుమంటున్నరు. పలికితె తిట్లు, పలుకకుంటె తిట్లు. అది దేనికని సచ్చేది నీ బాంచెన్?”

గోడ అవతల పొడిదగ్గులాంటి నవ్వు వినబడింది. మంచం మళ్లీ కిర్రుమంది. ముసలామె వెనక్కి వాలింది.

“ఓ పెంటీ, నీ నోరు నక్కలు వీక. సరె, దంచుండ్రి.”

యాదమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఏడుపు ఆరకముందే గుమ్మంలో నీడ పడింది. యాకయ్య. బియ్యం కోసం గంగాళం పట్టుకుని వచ్చాడు. లోపల ముగ్గురు ఆడవాళ్లను, నాలుగు రోకళ్లను చూశాడు. యాదమ్మ ఎడమ చేతి తెల్ల గాజులు చూశాడు. పెంటమ్మ కొంగుకంటిన నెత్తురూ చూశాడు. వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాడు. అక్కడ రజాకార్లు “ఖానా! ఖానా!” అని కేకలు వేస్తున్నారు.

ఎల్లక్క పాట ఆపలేదు. ఆమె కళ్లు మాత్రం యాకయ్యను వదల్లేదు.

అతను గోడ అవతలికి కూడా వినబడేలా గొంతు పెంచాడు.

“ఏందిది? ఇంత బలిసిన పెయ్యలోలె నలుగురుండి, గిన్ని బియ్యమా? అండ్ల సగం వడ్లే! జమ్లీ, నీకు చెప్తున్న, నకరాలు జెయ్యకు!”

ఖాళీ చోటును చూస్తూ తిట్టాడు. గంగాళంలోకి రెండు దోసిళ్లు పోసుకుని, కాసేపట్లో వస్తానని వెళ్లాడు. ఆ కాసేపటికీ వంటశాలలో ఏమి చెప్పాడో, ఎట్లా ఆపాడో తెలియదు. గంగాళం తిరిగి రావడం మాత్రం ఆలస్యమైంది.

మూడో వాయికి యాదమ్మకు చేతులు తనవి కావనిపించింది. నొప్పి కూడా లేదు. ఎల్లక్క పోటు వినబడుతోంది. పెంటమ్మ ఒంటిచేతి పోటు వినబడుతోంది. ఆ రెండింటి తరవాత తన ఎడమ దానంతటదే దిగుతోంది. పక్కదాని పోటు విను, అని ఎల్లక్క ఇన్నాళ్లూ చెప్పింది ఇదే కాబోలు.

దొడ్డి వాకిట్లో కాపలావాడు ఎవరినో గదమాయించాడు. ఒక ఆడగొంతు ఏదో గొణిగింది. తడిసిన గొంగడి వాసన ముందు వచ్చింది, వెనక జమ్లీ. మోకాళ్ల దాకా బురద, చెంప మీద ముళ్లగీతలు. ఖాళీ గంప దించి, ఎగరొప్పును కొంగుతో అదుముకుంటూ రోలు దగ్గరికి వచ్చింది.

యాదమ్మ ఆమె మొహంలోకి చూసింది. అడగడానికి వీల్లేదు. తండా ఖాళీ అయిందా? కబురు వేళకు అందిందా, లేక ఈమె పోయేసరికే...

జమ్లీ బోసిగా, కమిలి ఎర్రబడ్డ చెయ్యి ముందుకు చాపింది. గాజులు తొడగమన్నట్టు.

యాదమ్మ జమ్లీ రోకలి జమ్లీకే ఇచ్చి, తన ఎడమ చేతి గాజులు లాగి, తవుడు రాసి, పోటుకూ పోటుకూ నడుమ ఒక్కొక్కటే ఆమె మోచేతి పైకి ఎక్కించింది. అన్నీ ఎక్కాక జమ్లీ తవుడంటిన వేలితో యాదమ్మ మెడలో మెలిపడ్డ నల్లపూసల దండను సరిచేసి, రవిక మీదికి తీసి పెట్టింది. అంతే. ఇద్దరి మొగుళ్లూ బతికే ఉన్నారు.

యాకయ్య వచ్చి బియ్యం తీసుకుపోయాడు. జమ్లీని చూసి, చూడనట్టే నేల వైపు చూపు తిప్పుకున్నాడు. ముందు వాకిట్లో విస్తళ్లు పరుస్తున్న చప్పుడు, తరవాత చాలాసేపటికి బూట్ల చప్పుడు, తుపాకులు భుజాలకెక్కుతున్న చప్పుడు. అవి వాగు దిక్కుగా పోయాయి. పోయి ఖాళీ గుడిసెలు చూస్తారు. ఎవరు చెప్పారని ఆరా తీస్తారు. మళ్లీ ఈ గడికే తిరిగి వస్తారు. రేపటికి బియ్యం మళ్లీ ఈ రోటినుంచే పోవాలి. పెంటమ్మ వేలు ఎవరైనా చూడకుండా ఉంటారా?

ఆ తలపులో యాదమ్మకు వరస తప్పింది. ఆమె రోకలి పోయి జమ్లీ రోకలికి ఠక్కున తగిలింది.

“ఏందే ఇది!” అంది గోడ అవతల నుంచి పెద్ద దొరసాని విసుగ్గా. “ఇప్పటిదాక నాలుగు పోట్లు ఎంత ముద్దుగ పడ్డయే. ఇప్పుడేమొచ్చిందే మీకు, మల్ల తప్పవడ్తిరి?”

ఎవరూ నవ్వలేదు. ఎల్లక్క కొత్త పాట ఎత్తుకుంది. పెంటమ్మ కొంగు చుట్టిన చెయ్యి రొమ్ముకు హత్తుకుని, రెండో పోటు వేసింది.